ముద్ర దేనికి సాక్ష్యము?



మన సంఘములలో ఒకదానిలో జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసము మొదలుపెడుతున్నాము. ఊరి పేరు, సంఘము పేరు ఇక్కడ అవసరము లేదు. అందులో జరిగిన తప్పులో మాకందరికీ పాలున్నది.

ప్రభువు బల్లకు వాడే పాత గిన్నె ఒకటి ఆ సంఘములో ఉన్నది. దానిని అందరూ “వెండి గిన్నె” అనేవారు. రైల్వే కొలువు కోసం తెలుగు దేశము విడిచి వచ్చి అక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన, తన జీతములో మిగుల్చుకొని కొని ఇచ్చిన కానుక అది. ఒక సంవత్సరము ఈస్టరుకు ముందు చూస్తే అంచున తెల్లదనము అరిగిపోయి, లోపల నుండి కొంచెము పసుపు తిరిగిన లోహము కనిపించింది. మెరుగు పెట్టించుదామని బజారుకు తీసికొని వెళ్తే, షాపాయన గీటురాయి మీద గీసి చూసి, “ఇది వెండి కాదండీ, పూత” అన్నాడు.

ఆ తరువాత జరిగినది చెప్పుకొనుటకు మాకు సిగ్గుగా ఉన్నది. “పాపం, ఆయనను ఎవరో మోసగించి ఉంటారు” అని ఒకరన్నారు. “ఆయనే తక్కువ ధరలో తెచ్చి వెండి అని చెప్పి ఉండవచ్చు గదా” అని ఇంకొకరన్నారు. మేము కాదనలేదు. సాయంత్రానికి ఆ మాట ఆయన మనుమడికి చేరింది. ఆ మనుమడికీ ఇప్పుడు డెబ్బది దాటింది. మూడు ఆదివారములు ఆయన గుడికి రాలేదు.

కాలేజీలో చదువుకునే ఒక అమ్మాయి ఆ గిన్నెను పళ్లపొడితో రుద్దుతూ అడుగు భాగము చూసింది. అక్కడ నాలుగు చిన్న గళ్లలో నాలుగు ఇంగ్లీషు అక్షరములు ఉన్నవి: ఇ, పి, ఎన్, ఎస్. ఎలెక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్ అని వాటి అర్థము. ఈ నికెల్ సిల్వర్‌లో వెండి అసలే ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహము అది. మన బజారులో జర్మన్ సిల్వర్ అంటామే, అదే. దాని మీద విద్యుత్తు సాయముతో పలుచగా వెండి పూత వేస్తారు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు ఈ పద్ధతికి పేటెంటు పొందారు. అటుపిమ్మట అసలు వెండి కొనలేని ఇండ్లకు, గుడులకు ఇటువంటి సామాను లెక్కలేనంత వెళ్లింది.

అంటే ఆ గిన్నె ఎన్నడూ అబద్ధము చెప్పలేదు. తాను ఏమిటో తన అడుగునే వ్రాసుకొని ఉన్నది. చదువక మాట్లాడినది మేమే. అప్పటినుండి ఒక ప్రశ్న మమ్మును వదలలేదు. ఒక వస్తువు మీద గాని, ఒక మనిషి మీద గాని వేసిన ముద్ర నిజముగా దేనికి సాక్ష్యము? దేనికి కాదు? దీనికి జవాబు వెదుకుతూ, ముద్రల విషయములో సుమారు ఏడు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర గల బ్రిటిష్ వెండి పనివారి కథను కొంత చదివాము. అందులో మాకు తోచినది మీ ముందుంచుతున్నాము.

చిరుతపులి తల, సింహము, ఒక అక్షరము

శుద్ధమైన వెండి చాలా మెత్తన. దానితో చేసిన చెంచా వంగిపోతుంది, గిన్నె సొట్టపోతుంది. కాబట్టి కొంచెము రాగి కలుపక తప్పదు. ఎంత కలుపవచ్చునన్నదే తగవు. రాగి కొంచెము ఎక్కువైనా కంటికి తెలియదు, తూకములో కూడా సామాన్యునికి తెలియదు. లాభము మాత్రము పనివానికి తెలుస్తుంది.

అందుచేత 1300వ సంవత్సరములో ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఒక చట్టము చేశాడు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉండాలి. దీనినే స్టెర్లింగ్ అంటారు. ఆ వృత్తి పెద్దలు అంగడి అంగడికి తిరిగి పరీక్షించి, సరియైన వస్తువు మీద చిరుతపులి తల ముద్ర వేయాలి. 1327లో లండన్ గోల్డ్‌స్మిత్స్ కంపెనీకి రాజు అధికార పత్రమిచ్చాడు. 1363 నుండి చేసినవాడు తన సొంత గుర్తు కూడా వేయాలన్నారు. ఇది ఎవరి పని అని అడిగితే జవాబు వస్తువు మీదనే ఉండాలన్నమాట.

1478లో పద్ధతి మారింది. పెద్దలు అంగళ్లకు వెళ్లుట మాని, పనివారే తమ వస్తువులను కంపెనీ హాలుకు తీసికొని రావాలన్నారు. హాలులో వేసే మార్కు గనుక హాల్‌మార్క్ అయినది. మన దేశములో 2000లో బంగారానికి, 2005లో వెండికి హాల్‌మార్కు పద్ధతి వచ్చినప్పటి నుండి ఈ మాట మన ఇండ్లలో కూడా వాడుకలో ఉన్నది. కాని దాని పుట్టుక లండన్‌లోని ఆ హాలు.

అదే 1478లో మరొక గుర్తు చేరింది. ప్రతి సంవత్సరము మారే ఒక అక్షరము. ఈనాడు పాత వస్తువులు సేకరించేవారు ఆ అక్షరము చూసి, ఇది ఫలానా ఏట చేసినది అని చెబుతారు. అయితే దానిని పెట్టినది అందుకు కాదు. ముద్ర పడిన తరువాత వస్తువులో కల్తీ బయటపడితే, ఆ ఏడు పరీక్ష చేసిన అధికారి ఎవరో తెలియవలెనని పెట్టారు. చేసినవాని గుర్తు చేసినవానిని పట్టిస్తుంది, ఆ అక్షరము పరీక్షించినవానిని పట్టిస్తుంది. 1544 నుండి నడిచే సింహము ముద్ర కూడా వచ్చింది. ఇంగ్లాండు స్టెర్లింగ్ వెండికి నేటికీ అదే పేరుపొందిన గుర్తు.

గోకి తీసిన పొడి

పరీక్ష జరిగే తీరు తెలిసికొంటే ముద్ర విలువ మరింత తెలుస్తుంది.

వెండి పనివాడు ఒక గుండ్రని రేకు తీసికొని, దాగలి మీద పెట్టి సుత్తితో కొడుతూ గిన్నెగా లేపుతాడు. కొట్టిన కొద్దీ వెండి గట్టిపడి పెళుసవుతుంది. అప్పుడు దానిని నిప్పులో కాల్చి చల్లార్చి మరల మెత్తబరచాలి. మరల కొట్టాలి. ఇలా ఎన్నో మారులు. పిడి, మూత, పాదము వేరు వేరుగా చేసి టంకము పెట్టి అతుకుతాడు. నున్నని సుత్తితో పై భాగము సమము చేస్తాడు. నగిషీ ఉంటే చెక్కుతాడు.

చివరి మెరుగు పెట్టక ముందే వస్తువు పరీక్షకు వెళ్తుంది. ఎందుకనగా పరీక్షలో వస్తువుకు దెబ్బ తగులుతుంది. అధికారి గిన్నె నుండి కొంచెము, పిడి నుండి కొంచెము, మూత నుండి కొంచెము గోకి పొడి తీస్తాడు. గిన్నె మంచిదై పిడి కల్తీది కావచ్చును గదా! టంకము మితిమీరి వాడినా అక్కడ దొరుకుతుంది. ఆ పొడిని తూచి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాలుస్తారు. సీసము, రాగి కరిగి బూడిదలోనికి ఇంకిపోతాయి. చివరకు మిగిలేది ఒక చిన్న వెండి పూస. దానిని మరల తూస్తారు. ఎంత తగ్గిందో అంత కల్తీ. చాలినంత వెండి ఉంటే ముద్ర, లేకపోతే ఆ వస్తువును విరుగగొట్టి ముక్కలుగా తిరిగి ఇచ్చేవారు. ఎన్నో దినముల కష్టమైనా సరే.

సీసముతో వెండిని పుటము వేయుట పరిశుద్ధ గ్రంథము చదివే మనకు క్రొత్త కాదు. యిర్మీయా, మలాకీ ఈ పనిని ఎరిగినవారే. ఆ ప్రవక్తలు చూపిన కొలిమి, లండన్ హాలులోని కొలిమి ఒకే విద్యకు చెందినవి.

నిజాయితీపరునికి పరీక్ష ఎందుకు?

ఇక్కడ మొదటి ప్రశ్న వస్తుంది. తన పని మంచిదని తెలిసినవాడు ఇంకొకరి పరీక్షకు ఎందుకు తల వంచాలి? “నా మాట చాలదా?” అని అడుగవచ్చును. మనలో కూడా చాలామంది అడుగుతారు. సంఘము లెక్కలు తనిఖీ చేయాలంటే కోశాధికారికి కోపము వస్తుంది. “నన్ను అనుమానిస్తున్నారా?” అంటారు.

మాథ్యూ బోల్టన్ కథ దీనికి మంచి జవాబు. ఆయన 18వ శతాబ్దములో బర్మింగ్‌హామ్‌లో పేరుగాంచిన కర్మాగార యజమాని. ఆ నగరములో పరీక్ష కార్యాలయము లేదు. చేసిన ప్రతి వెండి వస్తువునూ సుమారు 70 మైళ్ల దూరములోని చెస్టర్‌కు పంపాలి. దారిలో గీతలు పడేవి, సొట్టలు పోయేవి, రోజులు వృథా అయ్యేవి. బోల్టన్ ఏమి కోరాడు? పరీక్ష వద్దని కోరలేదు. తన ఊరిలోనే పరీక్ష పెట్టుమని పార్లమెంటును కోరాడు. షెఫీల్డ్ పనివారు కూడా అదే కోరారు. లండన్ కంసాలులు ఎదిరించారు. అయినా 1773లో ఆ రెండు నగరములకూ కార్యాలయములు వచ్చినవి. బర్మింగ్‌హామ్‌కు లంగరు గుర్తు, షెఫీల్డ్‌కు కిరీటము గుర్తు ఇచ్చారు. వాటిపై ఉండే సంరక్షకులలో ఎక్కువమంది ఆ వృత్తివారు కాకుండా చూశారు. అంతటితో విడిచిపెట్టలేదు. గోకి తీసిన పొడిలో కొంత పెట్టెలో భద్రపరచి, ప్రతి ఏటా ప్రభుత్వ టంకశాలకు పంపి, పరీక్షకులనే పరీక్షించాలని చట్టములో వ్రాశారు.

పరీక్ష లేకపోతే నష్టపోయేది మోసగాడు కాదు, నిజాయితీపరుడు. కల్తీ చేసినవాడు ధర తగ్గించి అమ్మగలడు. కల్తీ చేయనివాడు తగ్గించలేడు. కొనేవానికి తేడా తెలియదు. కొన్నాళ్లకు మంచివాని అంగడి మూతపడుతుంది. కాబట్టి పరీక్ష మంచివానికి అవమానము కాదు, అతనికి అండ.

రెండవ సంగతి, “నా మాట చాలు” అన్నది నన్ను ఎరిగినవారి మధ్యనే చెల్లుతుంది. పుట్టిన ఊరిలో మన తాత ఎవరో చెబితే అప్పు పుడుతుంది. పరాయి ఊరిలో, పరాయి భాషలో, మన తాతను ఎవరెరుగుదురు? వలస వచ్చిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మన పెద్దలు సంఘము ఇచ్చిన సిఫారసు ఉత్తరమును బట్టల మూటలో దాచుకొని రైలెక్కారు. ఎరుగనివారి మధ్యకు వెళ్లేవానికి, ఎరిగినవారు వేసిన ముద్ర అన్నము పెడుతుంది.

లోహమును అడిగినది, మనిషిని అడుగలేదు

వెండి చరిత్రలో కూడా వలసవారు ఉన్నారు. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంటులకు ఉన్న రక్షణను రద్దు చేశాడు. హ్యూగనో అనబడే ఆ విశ్వాసులు వేలాదిగా దేశము విడిచి పారిపోయారు. లండన్ చేరినవారిలో మంచి వెండి పనివారు ఉన్నారు. పోత పోసిన పనిలో, నగిషీలో వారి చేయి గొప్పది. స్థానికులకు వారంటే గిట్టలేదు. వీరు తక్కువ కూలికి పనిచేసి మా పొట్ట కొడుతున్నారని గొడవ చేశారు, అర్జీలు పెట్టుకున్నారు. వలస వెళ్లినవారు ఎక్కడైనా వినే మాటే ఇది.

కాని కొలిమికి ఆ గొడవ తెలియదు. ఫ్రెంచివాని గిన్నె నుండి గోకిన పొడిని, ఇంగ్లీషువాని గిన్నె నుండి గోకిన పొడిని ఒకే విధముగా కాల్చింది. 925 ఉన్నదా, లేదా? అంతే. హాలులోని మనుష్యులు భేదము చూపినప్పుడు కూడా సీసము చూపలేదు.

హెస్టర్ బేట్‌మన్ అనే విధవరాలిని చూడండి. 1760లో భర్త చనిపోయాడు. ఆమెకు చదువు రాదు, తన పేరు కూడా పూర్తిగా వ్రాయలేదు. 1761లో ఆమె తన పేరు మొదటి అక్షరములను గుర్తుగా నమోదు చేసికొని, పిల్లలతో కలిసి పని నడిపింది. 1790లో విశ్రాంతి తీసికొనే నాటికి ఆ కార్ఖానా చెంచాలకు, టీ పాత్రలకు మంచి పేరు వచ్చింది. ఈనాడు ఆ రెండక్షరములున్న చెంచాను జనులు వెదకి కొంటారు. నీవు చదివినదానవా, ఎవరి కూతురవు అని సింహము ముద్ర ఆమెను అడుగలేదు. నీ వెండి చూపుము అన్నది.

ముద్రకున్న గొప్ప న్యాయము ఇదే. అది ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్న ఇరుకైనది. ఆ ఇరుకుతనము వల్లనే బీదవారికి, పరదేశులకు, విధవరాండ్రకు చోటు దొరికింది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మీరు ఏమిట్లు, ఎక్కడివారు అని ప్రశ్నించే లోకములో ఒక్కటే ప్రశ్న అడిగే న్యాయము ఎంత అరుదో మనకు తెలుసు.

పాల్ డి లామెరీ

అయితే ముద్రను మోసగించినవారు లేరా? ఉన్నారు. వారిలో ఆ శతాబ్దపు అతి గొప్ప పనివానిగా చెప్పబడే పాల్ డి లామెరీ ఉండుట మమ్మును చాలా ఆలోచింపజేసింది.

ఆయన హ్యూగనో తల్లిదండ్రులకు 1688లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. పసివాడుగా ఉన్నప్పుడే వారు లండన్ చేరారు. 1703లో పియెర్ ప్లాటెల్ అనే హ్యూగనో పనివాని వద్ద శిష్యుడుగా చేరి, 1713లో తన సొంత గుర్తు నమోదు చేసికొన్నాడు. మరుసటి సంవత్సరమే, పరీక్షకు తీసికొని రాకుండా సామాను అమ్మినందుకు కంపెనీ జరిమానా వేసింది.

1720లో ప్రభుత్వము వెండి వస్తువుల మీద ఔన్సుకు 6 పెన్నీల సుంకము పెట్టింది. 100 ఔన్సుల పెద్ద పాత్రకు 600 పెన్నీలు, అంటే రెండున్నర పౌండ్లు. ఆ సుంకము ముద్ర వేసే చోటనే కట్టాలి. కొందరు పనివారు ఒక ఉపాయము కనిపెట్టారు. అయిదు ఔన్సుల చిన్న వస్తువు చేసి, సుంకము కట్టి ముద్ర వేయించుకుంటారు. అప్పుడు ముద్రలున్న ఆ చిన్న బిళ్లను కోసి, ముద్ర లేని పెద్ద పాత్ర అడుగున టంకముతో అతికిస్తారు. ముద్ర నిజమైనదే, వెండి కూడా చాలావరకు మంచిదే. అబద్ధము ఆ అతుకులో ఉన్నది. ఇటువంటి పని చేసినవారిలో లామెరీ ఒకడు.

ఆయన కథ అక్కడితో ఆగలేదు. ఆయన కంపెనీ పెద్దలలో ఒకడయ్యాడు. 1738లో బంగారు వెండి వస్తువులలో మోసములను అరికట్టే చట్టమును సిద్ధపరచిన సంఘములో కూర్చున్నాడు. ఒకప్పుడు జరిమానా వేసిన ఆ కంపెనీయే 1741లో తన సొంత హాలు కోసము ఆయన చేత వెండి సామాను చేయించుకున్నది. 1743లో ఆయన చేసిన న్యూడిగేట్ బల్ల అలంకారము లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది. ఆ ఆకులు, గవ్వల నగిషీ చూచినవారు ఇది సుత్తి పట్టిన మనిషి చేతి పనియేనా అని ఆశ్చర్యపడతారు. 1751లో ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఏమనాలి? పని గొప్పది గనుక మోసము చిన్నదందామా? మోసము చేశాడు గనుక పని గొప్పది కాదందామా? మనము సామాన్యముగా ఈ రెండింటిలో ఒకటి చేస్తాము. బాగా పాడేవాని అప్పులు చూచీచూడనట్లు పోతాము. అప్పు ఎగవేసినవాని పాటలో శ్రుతి తప్పిందంటాము. రెండూ అబద్ధములే. పాత్ర పాత్రయే, అతుకు అతుకే. ఒకదానితో ఇంకొకదానిని కప్పరాదు. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పగలిగితే మనము ఆయనకు న్యాయము చేసినట్లు. ఆయన మోస నివారణ చట్టానికి పనిచేయుట కపటమా, పశ్చాత్తాపమా? ఆ హృదయమును గోకి తూచే అధికారము మాకు లేదు.

ముద్ర చూడలేనిది

ఇక కష్టమైన సంగతికి వచ్చాము. ముద్ర ఒక్కటే ప్రశ్న అడుగుతుందని, అది దాని న్యాయమని అన్నాము. అదే దాని గ్రుడ్డితనము కూడా.

1756లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక వెండి పనివాడు పత్రికలో ప్రకటన ఇచ్చాడు. నల్లవారికి, కుక్కలకు వెండి తాళములు, మెడపట్టీలు చేసి ఇస్తానని. ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ మెడపట్టీ వెండి స్వచ్ఛమైనదే కావచ్చు. గోకి, కాల్చి, తూచినా 925 నిలువవచ్చు. ఒక మనిషి మెడకు బిగించే వస్తువు లోహపరీక్షలో నెగ్గుతుంది. కొలిమి తప్పు చెప్పలేదు. దానిని అడిగిన ప్రశ్నలో మనిషి లేడు.

ఆ కాలపు బల్లల మీది అందమైన వెండి చక్కెర గిన్నెల మాట కూడా అంతే. వాటిలో పోసిన చక్కెర వెస్టిండీస్ దీవులలో బానిసల చెమటతో, రక్తముతో వచ్చినది. అంతకుముందు స్పెయిన్ పాలనలోని పొటోసీ కొండలో 1545లో వెండి దొరికినప్పుడు, 1573 నుండి అక్కడి ఆదిమ జనులను వంతులవారీగా బలవంతపు పనికి గనులలోనికి దించారు. ఆ వెండి లోకమంతటా పారింది. కరిగిపోయిన వెండికి పుట్టిల్లు గుర్తుండదు. దానిని త్రవ్విన చేతుల సంగతి ఏ ముద్రా చెప్పదు.

అయితే ముద్ర అడుగని ప్రశ్నను కొందరు మనుష్యులు అడిగారు. 1791లో, 1792లో ఇంగ్లాండులో చాలా కుటుంబములు వెస్టిండీస్ చక్కెరను మానివేసినవి. అప్పుడు లెస్టర్‌లో బాప్టిస్టు కాపరిగా ఉన్న విలియం కేరీ, 1792లో ప్రచురించిన తన ప్రసిద్ధమైన చిన్న పుస్తకములో ఆ కుటుంబములను జ్ఞాపకము చేశాడు. అన్యాయముగా వచ్చే చక్కెరను విడిచినవారు తమ చేతులు శుభ్రపరచుకొనుటయే గాక, వారమునకు ఆరు పెన్నీలో, ఒక షిల్లింగో మిగుల్చుకుంటున్నారని, ఆ సొమ్ము సువార్త పనికి ఉపయోగపడగలదని సూచించాడు. చెప్పులు కుట్టి బ్రతికిన మనిషి గనుక ఆరు పెన్నీల విలువ ఆయనకు తెలుసు.

లామెరీ కాలపు పనివాడు ఔన్సుకు ఆరు పెన్నీలు ఎగవేయుటకు గిన్నె అడుగు కోశాడు. కేరీ చెప్పిన గృహిణి వారమునకు ఆరు పెన్నీల చక్కెర మానివేసింది. మొదటివాని గిన్నె మీద సింహము ఉన్నది. రెండవ ఆమె చేసిన దాని మీద ఏ ముద్రా లేదు. బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారమును 1807లో, తన వలస రాజ్యములలో చాలావాటిలో బానిసత్వమును 1833లో చట్టముతో రద్దు చేయుటకు వెనుక ఇటువంటి ముద్ర లేని పనులు ఎన్నో ఉన్నవి.

రెండు కొలతలు

ఇదంతా చదివి మేము నేర్చుకున్నది రెండు మాటలలో చెప్పవచ్చును.

ఇతరులను కొలిచేటప్పుడు ముద్ర వలె ఇరుకుగా కొలవాలి. ఎదుటివాని పనిని చూడవలసిన చోట పనినే చూడాలి. కులము, ఊరు, యాస, చదువు, తాత పేరు అక్కడ తీసికొని రాకూడదు. తెలియని సంగతిని ఊహతో పూరించకూడదు. తీర్పు చెప్పక ముందు గోకి చూడాలి, కనీసము తిరగేసి చదవాలి.

మనలను మనము కొలుచుకునేటప్పుడు మాత్రము ముద్రతో తృప్తిపడకూడదు. మన చేతిలో పత్రములు ఉండవచ్చు. లెక్కలు తనిఖీలో సరిపోయి ఉండవచ్చు. సంఘము పుస్తకములో పేరు ఉండవచ్చు. అవి అవసరమే. కాని అవి అడిగిన ప్రశ్నలు కొన్నే. ఈ సొమ్ము ఎవరి చెమట, ఈ పని ఎవరి మెడకు బిగుస్తుంది, ఏ చోట చిన్న బిళ్ల అతికించి పెద్దది దాటించాము అని ఏ కార్యాలయమూ మనలను అడుగదు. అడుగవలసినది మనమే.

మనము సాధారణముగా దీనికి తలక్రిందులుగా చేస్తాము. ఇతరులను వారి పుట్టుపూర్వోత్తరములతో సహా గోకుతాము. మన విషయము వచ్చేసరికి సర్టిఫికెట్టు చూపి తప్పుకుంటాము. ఆ గిన్నె విషయములో మేము చేసినది సరిగా ఇదే.

ఆ సంగతి ఎలా ముగిసిందో చెప్పి సెలవు తీసికొంటాము. మేము నలుగురము ఆ మనుమడి ఇంటికి వెళ్లాము. గిన్నె కూడా తీసికొని వెళ్లి అడుగున ఉన్న అక్షరములు చూపించి, క్షమించమని అడిగాము. ఆయన గిన్నెను చాలాసేపు చేతిలో పట్టుకొని చూశారు. “మా తాతయ్య ఇది వెండి అని ఎప్పుడూ అనలేదండీ. గిన్నె అనేవాడు. వెండి గిన్నె అన్నది మీరంతా” అన్నారు. కాసేపాగి, “ఇన్నేళ్లలో ఒక్కరూ తిరగేసి చూడలేదా?” అని అడిగారు.

మా దగ్గర జవాబు లేదు. మరుసటి ఆదివారము ఆయన వచ్చారు, తన పాత చోటనే కూర్చున్నారు. గిన్నెకు మరల పూత వేయించాలా, అలాగే ఉంచాలా అన్నది సంఘములో ఇంకా తేలలేదు. అంచున అరిగిన ఆ చోటు మాత్రము ఇప్పుడు అందరికీ తెలుసు. గిన్నె చేతికి వచ్చినప్పుడు మాలో చాలామంది ఆ చోటు చూసి, తలవంచుకొని పక్కవారికి అందిస్తున్నాము.